పాత శుభలేఖలతో ప్రేమ కార్డులు

ఫిబ్రవరి 14 వస్తోందంటే మాదాపూర్, కొండాపూర్ షాపుల నిండా ఎర్రటి గుండె బొమ్మలే! పిల్లలు కొనమని మారాం చేస్తారు. కొనేబదులు ఇంట్లోనే చేయించండి.

బీరువాలో పాత శుభలేఖలుంటాయి కదా! ఖాళీ వైపు పైకి వచ్చేలా మడవండి. దేవుడి బొమ్మని మాత్రం కత్తిరించకండి. రెండు చెంచాల మైదాని కప్పు నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్నని సెగమీద చిక్కబడేదాకా ఉడికిస్తే జిగురు తయార్. పుస్తకంలో వారం రోజులు అదిమి ఉంచిన బంతి రేకుల్ని గుండె ఆకారంలో అతికించండి.

మా చిన్నతనంలో ఈ రోజు ఊసే తెలీదు. కొత్త సంవత్సరానికీ, సంక్రాంతికీ గ్రీటింగులు చేసుకునేవాళ్ళం. అన్నం మెతుకులే మాకు గమ్!

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ చుట్టుపక్కలంతా ఎంత మారిందో! నాన్నలు ఆఫీసునుంచి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. అందుకే మా చిన్నాడు తను చేసిన కార్డుని వాళ్ళ నాన్న టిఫిన్ బాక్సు కింద పెట్టాడు. "నాన్నా, ఆదివారం నాతో ఆడతావా?" అని రాశాడు. ఆ ఆదివారం ఆయన లాప్‌టాప్ తెరవలేదు.

ప్రేమికుల రోజుతో పిల్లలకేం పని అని విసుక్కోకండి. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకీ, నానమ్మకీ చెరొకటి పోస్టులో పంపించండి. పదిమందికీ చూపించి, పదిలంగా దాచుకునేది వాళ్ళే!