సెకండ్ హ్యాండ్ 4×4 కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చెక్ చేయండి!

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? బ్యాటరీ హెల్త్ చూస్తాం, డిస్‌ప్లే మార్చారా అని చూస్తాం, ఐఎంఈఐ నంబర్ చెక్ చేస్తాం. ఇరవై వేల ఫోన్‌కే ఇంత చేసే మనం, లక్షలు పోసి కొనే బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెయింట్ మెరుపు, పెద్ద టైర్లు చూసి పడిపోతాం. 4×4 విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఎందుకంటే మామూలు కారులో లేని గేర్ బాక్స్, షాఫ్టులు, డిఫరెన్షియల్ ఇందులో అదనంగా ఉంటాయి. పాత ఓనర్ దాన్ని ఏ బురదలో ఎలా తిప్పాడో బయటికి కనిపించదు.

నిరుడు మా బావ కోసం ఒక 4×4 చూడటానికి వెళ్లాం. బండి అద్దంలా ఉంది. రేటు మార్కెట్ కంటే బాగా తక్కువ. బావ అప్పటికే ఫోన్ తీసి అడ్వాన్స్ పంపడానికి రెడీ అయిపోయాడు. "ఒక్క నిమిషం బావా" అని వెనక సీటు బెల్టు చివరి దాకా లాగి చూశాను. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద మట్టి చార ఉంది. స్టెప్నీ కింద వేలు పెడితే సన్నటి ఒండ్రు తగిలింది. అంటే బండి సీట్ల దాకా నీళ్లలో మునిగింది. అక్కయ్య, ఇద్దరు పిల్లలు రోజూ తిరగాల్సిన బండి అది. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ తుప్పు పట్టి ఉంటే అవసరమైన రోజు అది తెరుచుకుంటుందో లేదో ఎవరికి తెలుసు? ఆ సీటు బెల్టు చూడకపోయి ఉంటే అడ్వాన్స్ వెళ్లిపోయేదే.

అందుకే ఈ ఆర్టికల్. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మీకు కావాల్సింది 4×4నా, ఏడబ్ల్యూడీనా?

ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. కాదు.

అసలైన 4×4లో ట్రాన్స్‌ఫర్ కేస్ అనే రెండో గేర్ బాక్స్ ఉంటుంది. 2హెచ్‌లో ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. 4హెచ్‌లో నాలుగింటికీ వెళ్తుంది. 4ఎల్‌లో పెడితే చక్రాలకు అందే టార్క్ సాధారణంగా రెండు నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుంది, స్పీడు అంతే తగ్గుతుంది. రాళ్ల మీద నిటారుగా ఎక్కాలన్నా, బ్రేక్ వేడెక్కకుండా మెల్లగా దిగాలన్నా ఈ 4ఎల్ ఉండాల్సిందే. థార్, జిమ్నీ, స్కార్పియో-ఎన్ 4×4, ఫార్చ్యూనర్ 4×4, ఇసుజు వీ-క్రాస్ ఈ రకం.

ఏడబ్ల్యూడీలో మామూలుగా ముందు చక్రాలే తిరుగుతాయి. అవి జారితే ఎలక్ట్రానిక్ క్లచ్ వెనక వాటికి కొంత శక్తి పంపిస్తుంది. 4ఎల్ ఉండదు. ఎక్స్‌యూవీ700 ఏడబ్ల్యూడీ, పాత రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ ఈ రకం. వానలో ఘాట్ రోడ్డుకు, పొలం దారికి, కంకర రోడ్డుకు ఇది చాలు. హైవే మీద సుఖంగా కూడా ఉంటుంది.

ఏడాదికి రెండుసార్లు అరకు, మారేడుమిల్లి వెళ్లి, మిగతా రోజులు ఆఫీసుకు తిరిగేవాళ్లకు నిజానికి ఏడబ్ల్యూడీ కూడా ఎక్కువే. ట్రైల్స్ మీద నిజంగా ఆసక్తి ఉంటేనే 4ఎల్ ఉన్న బండికి వెళ్లండి.

బ్యాడ్జ్ చూసి మోసపోకండి

పేరు ఒకటే అయినా లోపల డ్రైవ్ వేరే ఉండొచ్చు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

• 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్ మొదట అన్నీ 4×4లే. కానీ 2023 జనవరి నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే వేరియంట్ కూడా అమ్ముతున్నారు. బయటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. గేర్ లివర్ పక్కన రెండో చిన్న లివర్ ఉందో లేదో చూడండి.
• టాటా సఫారీ స్టార్మ్‌లో 4×4 వేరియంట్ ఉండేది. 2021లో అదే పేరుతో వచ్చిన కొత్త సఫారీ మాత్రం ముందు చక్రాల డ్రైవ్ మాత్రమే.
• ఫార్చ్యూనర్‌లో 2012 నుంచి 4×2 కూడా ఉంది. రోడ్డు మీద ఎక్కువగా కనిపించేవి అవే.
• డస్టర్‌లో ఏడబ్ల్యూడీ 2014లో వచ్చింది. డీజిల్ టాప్ మోడళ్లలోనే ఇచ్చారు. సెంటర్ కన్సోల్ మీద 2డబ్ల్యూడీ, ఆటో, లాక్ అని తిప్పే నాబ్ లేకపోతే అది ఏడబ్ల్యూడీ కాదు.

డౌట్ ఉంటే బండి కింద వంగి చూడండి. వెనక యాక్సిల్‌కు, ముందు యాక్సిల్‌కు రెండిటికీ షాఫ్టులు వెళ్తూ ఉండాలి. బ్యాడ్జ్‌ను ఎవరైనా అంటించుకోవచ్చు. షాఫ్టును అంటించలేరు కదా!

ఫ్యామిలీకి ఏది సెట్ అవుతుంది?

థార్ (2020 తర్వాత): 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లే సామర్థ్యం. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 4 స్టార్లు. కానీ మూడు డోర్లే. ముందు సీటు మడిచి అమ్మమ్మను వెనక్కి ఎక్కించడం ఎలా ఉంటుందో కొనేముందు ఒకసారి ట్రై చేయండి. పక్కకు తిరిగిన సీట్లు ఉన్న పాత వెర్షన్లు పిల్లలకు అస్సలు వద్దు.

జిమ్నీ: 2023లో వచ్చింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో అన్నీ కొత్తవే. ప్రతి వేరియంట్‌లోనూ 4ఎల్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. పెట్రోల్ ఇంజిన్ సింపుల్‌గా ఉంటుంది. నలుగురికే చోటు, లగేజీకి తక్కువ జాగా. చిన్న ఫ్యామిలీకి ఇది మంచి ఆప్షన్.

స్కార్పియో-ఎన్ 4×4: ఏడుగురు కూర్చోవచ్చు, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు. 4×4 డీజిల్‌లోనే వస్తుంది. ఫ్యామిలీ, ఆఫ్‌రోడ్ రెండూ కావాలంటే ఎక్కువమందికి సరిపోయేది ఇదే.

ఇసుజు వీ-క్రాస్: మన ఆంధ్రలోనే, శ్రీసిటీలో తయారవుతుంది. గట్టి బండి. కానీ పొడవు ఐదు మీటర్లు దాటుతుంది. వెనక కమాన్లు ఉండటంతో లోడ్ లేకపోతే ఎగిరెగిరి పడుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్ ముందే కొలుచుకోండి.

ఫార్చ్యూనర్: నమ్మకానికి పెట్టింది పేరు. అందుకే పాతదైనా రేటు దిగదు. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండికి కూడా డిమాండ్ ఉంటుంది. కాబట్టి మీటర్ తిప్పేసే ఛాన్స్ కూడా ఎక్కువే.

ఫోర్డ్ ఎండీవర్, పాత డస్టర్ లాంటివి తక్కువ రేటుకు ఎక్కువ బండిని ఇస్తాయి. కానీ ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే ప్రకటించింది. కొనేముందు మీ ఊళ్లో ఆ బండి తెలిసిన మెకానిక్ ఉన్నాడా, స్పేర్లు ఎన్ని రోజుల్లో వస్తాయి అని కనుక్కోండి. జిప్సీ మీద మోజు ఉంటే రెండో బండిగా ఓకే. పిల్లలతో హైవే మీదకు మాత్రం వద్దు.

ఫోన్‌తోనే సగం ఇన్‌స్పెక్షన్

ఇది మన ఏరియా! ఈమధ్య వచ్చిన దాదాపు అన్ని బండ్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ ఆన్‌లైన్‌లో తక్కువ రేటుకే దొరుకుతుంది. దాన్ని పెట్టి టార్క్ లేదా కార్ స్కానర్ యాప్ ఓపెన్ చేయండి. ఈ మూడూ చూడండి.

1. ఫాల్ట్ కోడ్స్: ఉన్నవీ, పెండింగ్‌లో ఉన్నవీ రెండూ నోట్ చేసుకోండి.
2. రెడీనెస్ మానిటర్లు: అమ్మేముందు కోడ్స్ చెరిపేస్తే ఈ మానిటర్లు "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజులు బండి తిరగాలి. కోడ్స్ సున్నా, మానిటర్లు కూడా పూర్తి కాలేదు అంటే ఎవరో పొద్దున్నే తుడిచేశారన్నమాట.
3. కోడ్స్ చెరిపాక తిరిగిన దూరం: ఇది పది, ఇరవై కిలోమీటర్లే ఉంటే, ఎందుకు చెరిపారు అని అడగండి. ఈమధ్యే బ్యాటరీ మార్చామంటే బిల్లు చూపించమనండి.

బీఎస్6 డీజిల్ బండి అయితే డీపీఎఫ్ గురించి కూడా అడగాలి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అది. హైవే మీద తిరిగితే ఆ మసి కాలిపోతుంది. సిటీలో రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగిన బండిలో పేరుకుపోతుంది. మార్చాలంటే ఖర్చు బాగా ఎక్కువ. మీ వాడకం కూడా అలాంటిదే అయితే పెట్రోల్ తీసుకోవడమే మంచిది.

ఇక బండి కిందకి దూరాల్సిందే

యాప్‌కు కనిపించనివి ఇక్కడ ఉంటాయి. పాత లుంగీ ఒకటి పట్టుకెళ్లండి, నేల మీద పరుచుకుని పడుకోవచ్చు.

• ఛాసిస్: వంకర, కొత్త వెల్డింగ్, ఒక్కచోటే ఫ్రెష్‌గా కొట్టిన నల్ల పెయింట్ ఉంటే ఆగిపోండి. గీతలు మామూలే, సొట్టలు కావు.
• డిఫరెన్షియల్ ఆయిల్: మెకానిక్‌తో ప్లగ్ తీయించి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. వాగులో దిగిన బండ్లలో ఇది కామన్.
• ముందు చక్రాల దగ్గర రబ్బరు బూట్లు: చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే జాయింట్ అరిగిపోతుంది.
• షాఫ్ట్: బండి ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, చేత్తో తిప్పండి. టకటకమని ఎక్కువ ఆట ఉండకూడదు.
• టైర్లు: నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, ఇంచుమించు ఒకేలా అరిగి ఉండాలి. తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం.

టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

"మేమొచ్చే దాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజిన్ అబద్ధం చెప్పదు. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది.

తర్వాత మట్టి గ్రౌండుకు తీసుకెళ్లండి. 4హెచ్ వేయండి. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో 4ఎల్ వేయండి. లైటు వెలగాలి, పెద్ద చప్పుడు లేకుండా పడాలి. మెల్లగా ముందుకీ వెనక్కీ నడపండి. "ఎప్పుడూ వాడలేదు సార్, కొత్తదే" అని ఓనర్ అంటే సంతోషించకండి. ఏళ్ల తరబడి కదల్చని 4×4 పట్టేసి ఉండే అవకాశం ఉంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఇలాంటి 4×4ను పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో పెట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పకండి. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేకపోవడంతో గేర్లు బిగుసుకుని దెబ్బతింటాయి.

పేపర్లు... అసలు తలనొప్పి ఇక్కడే

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధం పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ తర్వాత ఆదేశాలు మారుతూ వచ్చినా, అక్కడి పెద్ద ఎస్‌యూవీలు చవగ్గా మన వైపు రావడం మొదలైంది. బండి మంచిదే కావచ్చు. కానీ లెక్క ఇలా వేయండి: అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, లోన్ ఉంటే బ్యాంకు క్లియరెన్స్, ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఇవన్నీ కలిపాక ఆ "చవక" ఎంత మిగులుతుందో చూడండి.

ఆర్‌సీలోని ఛాసిస్ నంబర్, బండి మీద కొట్టిన నంబర్ ఒకటేనా అని మీ కళ్లతో చూడండి. చలాన్లు చెక్ చేయండి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చుకోవడం మర్చిపోకండి.

మాడిఫికేషన్ల సంగతి కూడా. ఎత్తు పెంచిన సస్పెన్షన్, బయటికి పొడుచుకొచ్చిన టైర్లు ఫొటోల్లో బాగుంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు. బుల్ బార్లు తీసేయించాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఎక్కువ మార్పులు చేసిన బండి అంటే ఎక్కువ బాదిన బండి అని కూడా అర్థం. ఒరిజినల్‌గా ఉన్నదే వెతకండి.

చివరిగా

మీ బడ్జెట్ మొత్తం బండికే పెట్టేయకండి. పది, పదిహేను శాతం పక్కన పెట్టుకోండి. కొన్న వారంలోనే ఇంజిన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియల్స్ ఆయిల్ మార్పించండి. అవసరమైతే టైర్లు కూడా. నల్లరేగడి తడిస్తే రోడ్డు టైర్లున్న 4×4 కూడా పొలం మధ్యలో ట్రాక్టర్ కోసం ఎదురుచూడాల్సిందే. ఒంటరిగా ట్రైల్‌కు వెళ్లకండి. ఇంకో బండి, లాగే తాడు తోడు ఉండాలి.

మా బావ ఆ బండి వదిలేశాక రెండు నెలలు ఆగాడు. చివరికి ఒకే ఓనర్ దగ్గర, సర్వీస్ బిల్లులన్నీ ఉన్న బండి దొరికింది. రంగు నచ్చలేదు, రేటు కూడా కొంచెం ఎక్కువే. కానీ పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ దిగుతున్నప్పుడు రంగు ఎవరికి గుర్తుంటుంది?

మంచి డీల్ మళ్లీ దొరుకుతుంది. తొందరపడి అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు సీటు బెల్టు లాగి చూడండి.