గాలి వచ్చే దారి, గాలి పోయే దారి

కర్నూలు, కడప సీమల యెండ సంగతి తెలుగుదేశంలో తెలియనివారు లేరు. వైశాఖంలో 42 డిగ్రీలు దాటినా అక్కడివారు పెద్దగా ఆశ్చర్యపడరు. ఆ యెండకు జడిసి తలుపులూ కిటికీలూ బిగించుకుని, చల్లయంత్రం పెట్టుకుని కూర్చోవటం ఇటీవల బాగా అలవాటయింది. చల్లదనం ఇంట్లోకి వచ్చిన మాట నిజమే. కాని గాలి ఎటునుంచి వస్తున్నది, ఎటు పోతున్నది అని అడిగేవారు తక్కువ.

మన పెద్దలు ఆ ప్రశ్న మరిచిపోలేదు. పాతకాలపు సీమ మిద్దెను చూడండి. మందమైన రాతిగోడలు, పైన దూలాలు, వాటి మీద చౌడుమట్టి. మిద్దె నడుమ ఒక కన్నం ఉంటుంది. దాన్ని గవాచి అంటారు. దానిలోంచి వెలుతురు దిగుతుంది, పొయ్యి పొగ పైకి పోతుంది. వేడిగాలి తేలిక గనుక అదీ ఆ దారినే లేచిపోతుంది. పోయిన గాలికి బదులు వాకిట్లోంచి కొత్త గాలి వస్తుంది. వాన పడితే గవాచి మీద ఒక బండ మూసేవారు. ఇంతే యంత్రాంగం! కరెంటు ఖర్చు లేదు.

గాలికి దారి ఎంత అవసరమో తెలియాలంటే బెలుం గుహల్లోకి దిగి చూడవచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గురించి రాశాడు. 1982, 1983లలో జర్మన్ బృందం ఒకటి వచ్చి కొలిచింది. మూడు కిలోమీటర్లకు పైబడిన ఈ గుహలను యాత్రికులకు తెరవవలసి వచ్చినప్పుడు దీపాలు ఒక్కటే చాలలేదు. లోపలికి మంచి గాలి దిగటానికి మార్గాలు కూడా ఏర్పాటు చేయవలసి వచ్చింది. వందలమంది ఊపిరి తీసే చోట గాలి కదలకపోతే ఎట్లా?

ఇప్పటి మన పడకగది కూడా ఒక చిన్న గుహే. పైన కాంక్రీటు కప్పు, చుట్టూ సిమెంటు గోడలు, సందులేని అద్దాల కిటికీ. గోడకు తగిలించే మామూలు ఏ.సి. బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. నలుగురు పడుకున్న గదిలో తెల్లవారేసరికి బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. లేవగానే తలబరువు, మందకొడితనం. రాత్రి బాగా నిద్రపట్టలేదనుకుంటాం, గాలి చాలలేదనుకోము.

నీళ్ళ కూలరు సంగతి వేరు. అది బయటి పొడిగాలిని తడిపి లోపలికి తోస్తుంది. కర్నూలు వంటి పొడి ప్రదేశానికి అది చక్కగా సరిపోతుంది. అయితే కూలరును కిటికీకి బయట పెట్టి, ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. చాలామంది చల్లదనం పోతుందని దాన్నీ మూస్తారు. అప్పుడు గది చల్లబడదు, చెమ్మగిల్లుతుంది. కూలరున్న ఇంటికి, ఎదురు కిటికీ తెరిచే అలవాటున్న ఇంటికి, నేను కింద చెప్పబోయే యంత్రం అక్కరలేదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఏ.సి. గదికి మాత్రం చిక్కు వచ్చి పడింది. కిటికీ తెరిస్తే చల్లదనం పోతుంది; మూస్తే ఊపిరి ఆడదు. ఇటువంటి చిక్కే చలిదేశాలవారికి తలకిందులుగా వచ్చింది. 1973లో చమురు ధర పెరిగేసరికి అక్కడివారు ఇళ్ళకు సందులన్నీ మూయటం మొదలుపెట్టారు. 1977లో కెనడాలోని రెజైనా పట్టణంలో సస్కాచెవన్ కన్జర్వేషన్ హౌస్ అనే ఇల్లు కట్టారు. చలికాలంలో అక్కడ సున్నాకు 30 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. గాలి దూరని ఆ ఇంటికి ఊపిరి పోయటానికి ఒక గాలిపెట్టె అమర్చారు. దాని సంతతినే ఇప్పుడు హీట్ రికవరీ వెంటిలేటర్ అంటున్నారు.

దాని పని చాలా సులువు. పెట్టెలో పలుచని పలకలు వరసగా ఉంటాయి. పలకకు ఒక పక్క ఇంట్లోని పాత గాలి బయటికి పోతుంది. మరో పక్క బయటి కొత్త గాలి లోపలికి వస్తుంది. రెండు గాలులూ కలవవు. పలక ద్వారా వేడిమి మాత్రం ఇటునుంచి అటు మారుతుంది. కెనడాలో పోయే గాలి తన వెచ్చదనాన్ని వచ్చే గాలికి అప్పగిస్తుంది. కడపలో పోయే చల్లగాలి, వచ్చే వడగాలి వేడిని తాను మోసుకుపోతుంది.

లెక్క చూడండి. బయట 42 డిగ్రీలు, గదిలో 26. తేడా 16. పెట్టె నూటికి 70 వంతులు పనిచేసినా సుమారు 11 డిగ్రీలు తగ్గుతాయి. అంటే కొత్త గాలి 31 డిగ్రీలకు అటూ ఇటుగా లోపలికి వస్తుంది. మిగిలినది ఏ.సి. చూసుకుంటుంది. రెజైనాలో తేడా 50 డిగ్రీలు గనుక అక్కడ మిగిలే ఖర్చు ఎక్కువ, మనకు తక్కువ. మనం కొనేది ముఖ్యంగా మంచి గాలిని.

ఇదంతా నేను తీరికగా తెలుసుకున్నది కాదు. కడపలో మా చిన్నాయనగారికి ఉబ్బసం. కెనడాలో ఉన్న కూతురు, నాయన పడుకునే గదికీ పక్క గదికీ కలిపి ఈ పెట్టె పెట్టించమని పట్టుబట్టింది. మిస్త్రీ వచ్చేనాటికి నేను అక్కడే ఉన్నాను. అతను గోడలన్నీ చూసి, “వంటింటి పొగ, బాత్‌రూము గాలి, అన్నీ దీంట్లోకే కలిపేచ్చే సరిపోతాది గదా సార్!” అన్నాడు. ఒక్క ఖర్చుతో మూడు పనులు! వినటానికి బాగానే ఉంది. కాని ఆ బాత్‌రూములో గ్యాసు గీజరు ఉంది.

ఇక్కడ పాఠకులు కాస్త నిలవాలి. గాలి చాలనిచోట మండే గ్యాసు గీజరు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు వేసుకుని స్నానానికి వెళ్ళినవారు అక్కడే కూలిపోయిన ఉదంతాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. ఇంట్లోంచి గాలిని ఎక్కువగా లాగి, తక్కువగా ఇచ్చే యంత్రం ఏదైనా సరే, ఆ లోటు పూడ్చుకోవటానికి ఇల్లు దొరికిన సందునల్లా గాలిని పీలుస్తుంది. గీజరు పొగ బయటికి పోవలసిన గొట్టంలోంచి కూడా వెనక్కు పీలుస్తుంది. ఊపిరి కోసం పెట్టిన పెట్టె ఊపిరికే ముప్పు తెస్తుందన్నమాట.

చిన్నాయన అంతా విని, “నాకు గాలి గావాల నాయనా, పెట్టె గాదు. ఏది ముందు తీయాల్నో అది తీయండి” అన్నారు. ముందు గీజరు తీసి, ఎర్తు ఉన్న కరెంటు గీజరు పెట్టించాం. ఆ తరువాతే గోడకు రంధ్రం పడింది. మిస్త్రీ తెలివైనవాడు, కారణం చెప్పిన తరువాత మాకంటే జాగ్రత్తగా చేశాడు.

అక్కడ పాటించిన నియమాలు అందరికీ పనికివస్తాయి.

మొదటిది, పరిమాణం. అమెరికాలో ఆష్రే అనే ఇంజనీర్ల సంఘంవారి 62.2 నియమావళి ప్రకారం ప్రతి 100 చదరపుటడుగులకు నిమిషానికి 3 ఘనపుటడుగుల గాలి కావాలి. దానికి తోడు పడకగదుల సంఖ్యకు ఒకటి కలిపి, ఒక్కొక్కదానికి ఏడున్నర చొప్పున చేర్చాలి. 1200 చదరపుటడుగులు, మూడు పడకగదులు ఉన్న ఇంటికి 36, 30 కలిసి 66 ఘనపుటడుగులు. ఇంతకంటే ఎంతో పెద్ద పెట్టె కొంటే కరెంటు దండుగ.

రెండవది, గాలి తీసుకునే చోటు. వంటింటి పొగగొట్టం, మరుగుదొడ్డి గాలిగొట్టం, జనరేటరు, బండి నిలిపే చోటు – వీటికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. పోయే గాలి నోరు, వచ్చే గాలి నోరు పక్కపక్కన పెడితే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తాం. నడుమ 6 అడుగులైనా ఎడం ఉండాలి. బేతంచెర్ల వంటి చోట బండలకు నునుపు పెట్టే ఫ్యాక్టరీల వైపు నోరు తిప్పకండి. ఆషాఢం గాలి దుమ్ము మోసుకొచ్చే పడమటి వైపు కూడా వద్దు.

మూడవది, రంధ్రం. స్తంభంలోగాని, దూలంలోగాని తొలవకూడదు. లోపలి ఇనుము తెగుతుంది. గోడలో కరెంటు తీగలు ఎక్కడ పోతున్నాయో ముందు చూసుకుని, మెయిను కట్టివేసి పనిచేయాలి. గొట్టం బయటివైపుకు కొంచెం వాలుగా ఉంటే వాననీరు లోపలికి రాదు. నోటికి పావు అంగుళపు జాలీ వేస్తే పిట్టలు దూరవు. దోమతెర వంటి సన్నని జాలీ వేస్తే వారం తిరక్కుండా దుమ్ముతో మూసుకుపోతుంది.

నాలుగవది, కరెంటు. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. – ఈ మూడూ లేనిదే మీట నొక్కకండి. కడప బండ పరిచిన నేల మీద తడికాళ్ళతో తిరిగే ఇళ్ళు మనవి.

అయిదవది, వంటింటి పొగ. దాన్ని ఈ పెట్టెలోకి ఎన్నడూ కలపరాదు. పోపు నూనె జిడ్డు పలకలకు పట్టి, నిప్పుకు ఆస్కారమిస్తుంది. వంటింటికి వేరే ఫ్యాను పెట్టి, అది తిరిగేటప్పుడు కిటికీ తెరవండి.

చల్లగాలి పోయే గొట్టానికి పైన దళసరి తొడుగు ఉండాలి. లేకపోతే వానాకాలం చెమ్మలో గొట్టం చెమర్చి, కప్పు మీద మరకలు పడతాయి. పెట్టెలో ఊరే నీరు పోవటానికి వాలుగా సన్నని గొట్టం, దానికొక నీటిమెలిక ఉండాలి. సీమ దుమ్ములో వడపోత గుడ్డలను నెలకొకసారి కడగాలి. అందుకే పెట్టెను చేతికందే చోట పెట్టించుకోండి. అటక మీద పెడితే ఎవరూ ఎక్కరు.

ఆఖరున, డబ్బు ఖర్చులేని ఒక పరీక్ష. తలుపులన్నీ మూసి, యంత్రం వేసి, ఒక అగరువత్తి వెలిగించండి. గాలి వచ్చే నోటి దగ్గర పొగ గదిలోకి చెదరాలి. పోయే నోటి దగ్గర లోపలికి లాగబడాలి. తరువాత వీధితలుపు సందు దగ్గర పట్టండి. బయట గాలి లేని వేళ అక్కడ పొగ నిటారుగా లేస్తే, వచ్చే గాలీ పోయే గాలీ దాదాపు సరితూగినట్టే. ఇంట్లోకి బలంగా వంగితే ఇల్లు గాలి కోసం వెతుక్కుంటున్నదని అర్థం. మిస్త్రీని మళ్ళీ పిలిచి సరిచేయించండి. ఆ తూకం కుదిరేవరకు కూలి పూర్తిగా చేతికివ్వవద్దు.

గవాచి రోజుల్లో ఈ పరీక్షను పొయ్యి పొగే చేసి చూపేది. పొగ పైకి పోకపోతే ఇల్లాలి కళ్ళు మండేవి, వెంటనే ఎవరో మిద్దె ఎక్కి బండ తొలగించేవారు. ఇప్పటి చెడుగాలికి కళ్ళు మండవు. అందువల్ల ఏడాదికి రెండుసార్లయినా ఒక అగరువత్తి వెలిగించి గాలిని పలకరించటం మంచిది.