వోల్టుల అంకె ఒక్కటే చాలదు
బ్యాటరీ పచ్చిక కోత యంత్రం కొనేవారు చూడవలసింది వాట్-అవర్ల లెక్క

సాక్చి (జంషెడ్‌పూర్): బ్యాటరీతో నడిచే పచ్చిక కోత యంత్రాన్ని కొనదలచిన గృహస్థులు అట్టపెట్టెపై పెద్ద అక్షరాలలో ముద్రించిన వోల్టుల అంకెను చూసి నిర్ణయానికి వస్తే నష్టపోయే అవకాశముంది. యంత్రం ఎంతసేపు నడిచేదీ తేల్చేది వాట్-అవర్ల సంఖ్య. రెండు బ్యాటరీలు అమర్చే యంత్రమైతే వాటిని ఏ పద్ధతిలో సంధానం చేశారన్నది కూడా అంతే ముఖ్యం. యంత్రం వెలలో పెద్ద వాటా బ్యాటరీదే కావడం వల్ల ఈ పొరపాటు ఖరీదైనది.

ఉక్కుకు పేరుపడిన ఈ ఊరికి పచ్చికతో సంబంధం పాతది. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడే నాటికి సాక్చి ఛోటానాగపూర్ ప్రాంతంలో ఒక చిన్న గ్రామం. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలోని ఈ గ్రామ పరిసరాలలోనే కర్మాగారం వెలిసింది. 1912లో తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేయగా, సాక్చి పేరు ఒక పేటకు, అందులోని బజారుకు మిగిలింది. కర్మాగారానికి స్థలమైనా ఖరారు కాకమునుపే, 1902లో, జంషెడ్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్‌జీకి రాసిన లేఖలో రాబోయే పట్టణం ఎలా ఉండాలో సూచించారు. నీడనిచ్చే చెట్లతో వెడల్పాటి వీధులు వేయాలని, పచ్చిక బయళ్లకు, తోటలకు ధారాళంగా స్థలం విడిచిపెట్టాలని అందులో కోరారు. సంస్థ స్వర్ణోత్సవ కానుకగా ప్రజలకు అందజేసిన జూబిలీ పార్కును 1958 మార్చి 1న ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. 200 ఎకరాలకు మించిన ఈ పార్కు సాక్చిని ఆనుకునే ఉన్నది.

అంత విస్తీర్ణానికి చిన్న యంత్రాలు చాలవు. ఇక్కడి ప్రస్తావన బంగళాల ముంగిళ్లకు, క్వార్టర్ల ముందరి తోటలకు పరిమితం. జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించింది మొదలు సెప్టెంబర్ వరకు ఇక్కడ పచ్చిక విపరీతంగా పెరుగుతుంది. ఈ విషయంలో జంషెడ్‌పూర్ పరిస్థితి విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలకు భిన్నమేమీ కాదు. పెట్రోలు యంత్రానికి మోత, పొగ ఉన్నాయి. తీగతో నడిచే విద్యుత్ యంత్రం చవకైనదే కాని, తడి గడ్డిలో తీగను ఈడ్చుకుంటూ తిరగడం, పొరపాటున దానినే కోయడం ప్రమాదకరం. బ్యాటరీ యంత్రాలపై ఆసక్తికి కారణమిదే. తొలినాళ్ల బ్యాటరీ యంత్రాలు బరువైన సీసపు బ్యాటరీలతో నడిచేవి. సోనీ సంస్థ 1991లో లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన తరువాత క్రమేపీ వాటి స్థానాన్ని ఇది ఆక్రమించింది.

లిథియం-అయాన్ బ్యాటరీ పెట్టెలో చిన్న చిన్న సెల్స్ వరుసగా పేర్చి ఉంటాయి. ఒక్కొక్క సెల్ సగటు వోల్టేజి 3.6. అయిదింటిని వరుసగా కలిపితే 18 వోల్టులు, పదింటిని కలిపితే 36 వోల్టులు వస్తాయి. అప్పుడే చార్జి చేసిన సెల్ వోల్టేజి 4.2 వరకు ఉంటుంది. ఈ వెసులుబాటును ఆసరా చేసుకొని కొందరు తయారీదారులు 18 వోల్టుల బ్యాటరీని గరిష్ఠంగా 20 వోల్టులనీ, 36 వోల్టుల బ్యాటరీని 40 వోల్టులనీ ముద్రిస్తారు. పేర్లలో తేడా ఉన్నా లోపలి సరుకు ఒక్కటే. అంకె పెద్దదైనంత మాత్రాన ఎక్కువ వెల చెల్లించవలసిన పని లేదు.

సగటు వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 18 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో నిల్వ ఉండేది 90 వాట్-అవర్లు. అటువంటివి రెండు ఉంటే 180. 36 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కదానిలోనూ 180 వాట్-అవర్లే. యంత్రం సగటున 600 వాట్లు వాడుకుంటుందనుకుంటే ఈ రెండు ఏర్పాట్లలో దేనితోనైనా పని జరిగేది 18 నిమిషాలే. తడిసి దుబ్బుగా పెరిగిన గడ్డిలో వాడకం పెరిగి, ఆ వ్యవధి ఇంకా తగ్గుతుంది.

అలాగని వోల్టేజికి ప్రయోజనమే లేదనలేము. 600 వాట్ల శక్తికి 18 వోల్టుల వద్ద సుమారు 33 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించవలసి ఉండగా, 36 వోల్టుల వద్ద 17 ఆంపియర్లు సరిపోతాయి. ప్రవాహం సగమైతే అదే తీగలో వేడి రూపంలో వృథా అయ్యే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. మోటారుకు, స్విచ్‌లకు ఇది మేలు. కాని సెల్స్‌కు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పది సెల్స్‌ను ఒకే వరుసగా కలిపినా, అయిదేసి చొప్పున రెండు వరుసలుగా కలిపినా, అదే పనికి ఒక్కొక్క సెల్‌పై పడే భారం సమానం. భారం తగ్గాలంటే సెల్స్ సంఖ్య పెరగాలి. ఒకే వోల్టేజి గల రెండు బ్యాటరీలలో బరువైనది దట్టమైన గడ్డిలోనూ మందగించకుండా నడవడానికి కారణమిదే.

రెండు బ్యాటరీల యంత్రాలలో అసలు చిక్కు సంధానంలో ఉన్నది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న శ్రేణి, సమాంతర సంధానాలే ఇక్కడా వర్తిస్తాయి. 18 వోల్టుల బ్యాటరీలు రెండింటిని శ్రేణిలో కలిపి 36 వోల్టులతో నడిచే యంత్రాలున్నాయి. వీటిలో రెండు బ్యాటరీల గుండా ఒకే విద్యుత్తు ప్రవహిస్తుంది. 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి జోడుగా 2 ఆంపియర్-అవర్లది పెడితే, చిన్నది ఖాళీ కాగానే యంత్రం ఆగిపోతుంది. పెద్దదానిలో సగానికి పైగా నిల్వ మిగిలే ఉంటుంది. పాతబడిన బ్యాటరీకి కొత్తది జతచేసినా ఇదే ఫలితం. అంటే వీటిని జంటగానే కొనాలి, జంటగానే మార్చాలి.

మరికొన్ని యంత్రాలు రెండు బ్యాటరీలను పెట్టుకున్నప్పటికీ ఒకసారికి ఒక్కదానినే వాడుకుంటాయి. మొదటిది అయిపోయాక స్విచ్ తిప్పి రెండోదానికి మారాలి. వీటికి శ్రేణి సంధానంలో దొరికే అధిక వోల్టేజి ఉండదు. అయితే ఒక బ్యాటరీ చెడిపోయినా రెండోదానితో పని సాగుతుంది. విడి బ్యాటరీ తెప్పించుకోవడానికి వారాలు పట్టే ఊళ్లలో ఈ సౌలభ్యం తక్కువదేమీ కాదు. దుకాణంలో ఈ ప్రశ్న అడిగి, సూటైన జవాబు రాకపోతే వాడుక పుస్తకం చూపమనడం మేలు.

ఇంటి అవసరం ఎంతో ముందే అంచనా వేసుకోవచ్చు. 40 సెంటీమీటర్ల వెడల్పున కోసే యంత్రాన్ని గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిపిస్తే, చాళ్లు కొంత ఒకదానిపై ఒకటి పడినా, నిమిషానికి సుమారు 17 చదరపు మీటర్లు పూర్తవుతాయి. 200 చదరపు గజాల పచ్చికకు పది నిమిషాలు, మలుపులు కలుపుకొంటే పదిహేను నిమిషాలు పడుతుంది. 180 వాట్-అవర్లతో ఆ పని పూర్తవుతుంది. వెయ్యి గజాలకు మలుపులు లెక్కించకుండానే సుమారు 49 నిమిషాలు, అంటే 490 వాట్-అవర్లు కావాలి. అంతటి బ్యాటరీల వెల విన్నాక పలువురు పెట్రోలు యంత్రం వైపు మొగ్గినా ఆశ్చర్యం లేదు. యాభై గజాల ముంగిలికైతే చేతితో తోసే యంత్రమే చాలు.

చార్జర్‌ను కూడా పరిశీలించాలి. రెండు బ్యాటరీలను ఒకేసారి చార్జి చేసేదానికి, ఒకదాని తరువాత ఒకటి చేసేదానికి మధ్య పట్టే సమయం రెట్టింపు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. లిథియం-అయాన్ సెల్స్‌ను సాధారణంగా 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. కోత ముగిసిన వెంటనే, ఇంకా వేడిగా ఉన్న బ్యాటరీని చార్జర్‌కు తగిలిస్తే అది చల్లబడే వరకు చాలా చార్జర్లు పని ప్రారంభించవు. దీనిని లోపమనుకొని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లనవసరం లేదు. రేకుల షెడ్డులో బ్యాటరీని ఉంచడం, నెలల తరబడి పూర్తి చార్జితో నిల్వచేయడం దాని ఆయుష్షును హరిస్తాయి. పచ్చిక పెరగని చలికాలంలో సగం చార్జితో నీడపట్టున ఉంచడం శ్రేయస్కరం.

అమెరికాలోని పిల్లల ద్వారా ఇటువంటి బ్యాటరీలు తెప్పించుకోవాలనుకునే కుటుంబాలు విమాన నిబంధనలను గమనించాలి. 100 వాట్-అవర్లలోపు విడి బ్యాటరీలను ప్రయాణికులు చేతిసంచిలో తీసుకురావచ్చు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుల సామానులో అనుమతించరు. అందువల్ల 18 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రాగలదు; 36 వోల్టులది రాలేదు. పైగా అక్కడి 120 వోల్టులకు మాత్రమే తయారైన చార్జర్‌ను ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

వాడకం ముగిసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఉత్పత్తిదారులపైనే ఉంచాయి. పాత బ్యాటరీని ఎక్కడ అప్పగించాలో కొనేనాడే అడిగి తెలుసుకోవచ్చు. చెత్తకుండీలో పడిన లిథియం బ్యాటరీ నలిగితే నిప్పంటుకొనే ప్రమాదమున్నది.