బంతిని తన్నుటలోని మర్మము

కాలి బలమే బంతికి వేగము నిచ్చునని పలువురు తలంతురు. అది సగము నిజము. ఆటగాడు ఏటవాలుగా పరుగెత్తి వచ్చి, ఒక పాదమును బంతి ప్రక్కన దృఢముగా ఊనును. రెండవ కాలి తొడ ముందుకు కదలును. మోకాలు వంగియుండుటచే దాని క్రింది భాగము వెనుకబడును. పిమ్మట తొడ వేగము తగ్గగా, కొరడా కొసవలె పాదము విసురుగా ముందుకు దూకును. సుమారు 430 గ్రాముల బంతిని పాదము తాకియుండునది సెకనులో నూరవ వంతు మాత్రమే! ఆ క్షణమున చీలమండ సడలెనా, శ్రమ యంతయు వృథా.

బంతి నడుమకు క్రిందుగా తన్నిన అది పైకి లేచును. ప్రక్కగా తన్నిన గిరగిర తిరుగుచు వంపుగా పోవును. 11 మీటర్ల పెనాల్టీలో సైతము గురి తప్పుట కలదు. 1948 లండను ఒలింపిక్సులో, పలువురు వట్టి కాళ్లతోనే ఆడిన భారత జట్టు ఫ్రాన్సుపై రెండు పెనాల్టీలను పోగొట్టుకొని, 1-2 గోలులతో ఓడెను.