సముద్రంలో గట్టుకు పడే గండి

సెలవులు వచ్చాయి. నలుగురు మిత్రులు కలిసి సముద్రం చూడాలనుకున్నారు. సూర్యాపేట, కోదాడ వాళ్ళు బస్సులో విజయవాడ మీదుగాను, మిర్యాలగూడ వాళ్ళు రైల్లో గుంటూరు మీదుగాను బాపట్ల చేరవచ్చు. అక్కడికి సుమారు 9 కిలోమీటర్లలో సూర్యలంక తీరం. పాఠాలు లేవు, పనీ లేదు. ఇసుకలో పడుకోవడం, కబుర్లు చెప్పుకోవడం, అలలతో ఆడుకోవడం!

ఇటువంటి సోమరి విహారం మంచిదే. నేనైతే ఇంకొంచెం సోమరితనం అలవరచుకోమంటాను. చేరగానే నీళ్ళలోకి పరుగెత్తకండి. ఒక అరగంట ఇసుకమీద కూర్చొని సముద్రాన్ని గమనించండి. స్నానానికి దిగి తిరిగి రాని విద్యార్థుల వార్తలు ఆ తీరంనుంచి పలుమార్లు వచ్చాయి.

తీరం పొడవునా అలలు విరిగి తెల్లని నురగ కనిపిస్తుంది. మధ్యలో ఎక్కడో ఒకచోట మాత్రం అలలు విరగవు. అక్కడ నీరు కాస్త ముదురు రంగులో, నెమ్మదిగా ఉన్నట్లుంటుంది. ఈత రానివాడు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అంటాడు. దిగకూడని చోటు సరిగ్గా అదే కావచ్చు. ఎందుకని?

మన వరి మడిని తలచుకోండి. నిండిన మడి గట్టుకు గండి పడితే ఏమవుతుంది? నీరంతా నాలుగు పక్కలనుంచి ఆ గండివైపే చేరి జోరుగా బయటికి పోతుంది. సముద్రంలోనూ తీరానికి కొద్ది దూరంలో, నీటి అడుగున, ఇసుక మేటలు గట్టువలె ఏర్పడుతుంటాయి. మేటమీద లోతు తక్కువ గనుక అలలు అక్కడ విరిగి, నీటిని ఒడ్డువైపు నెడతాయి. ఆ నీరు తిరిగి వెళ్ళాలి కదా! మేటల మధ్య లోతైన సందు ఎక్కడుంటే అక్కడికి చేరి, సన్నని పాయగా సముద్రంలోకి పరుగెత్తుతుంది. సందులో లోతు ఎక్కువ గనుక అలలు విరగవు. మనకు కనిపించే ఆ ప్రశాంతతకు కారణం ఇదే. దీనిని రిప్ ప్రవాహం అంటారు. మేటలు స్థిరమైనవి కావు. నిన్న లేని సందు ఈరోజు ఉండవచ్చు.

దీని వేగం సాధారణంగా సెకనుకు అర మీటరు. ఒక్కొక్కప్పుడు 2 మీటర్లు కూడా ఉంటుంది. 100 మీటర్లను సుమారు 47 సెకన్లలో ఈదే ఒలింపిక్ వీరుని వేగమెంతో మీరే లెక్క కట్టండి. అతడూ ఈ ప్రవాహానికి ఎదురీది గెలవడం కష్టమే.

సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చినవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. కాలువలో నీరు ఒడ్డు వెంబడి పోతుంది. అందుచేత ఒడ్డుకేసి ఈదితే, కొంత దిగువనైనా ఒడ్డు దొరుకుతుంది. రిప్ ప్రవాహం ఒడ్డునుంచి దూరంగా పోతుంది. అందులో ఒడ్డుకేసి ఈదడమంటే ఎదురీదడమే. ఈత వచ్చినవాడు సైతం అలసిపోయి మునిగేది ఇందువల్లనే.

మరి చిక్కుకుంటే? ఇక్కడా సోమరితనమే పనికివస్తుంది. ఆ ప్రవాహం మనిషిని దూరంగా తీసుకుపోతుందే గాని, అడుగుకు లాగదు. ఊపిరి నిండుగా పీల్చి, వెల్లకిలా తేలండి. లీటరు మంచినీరు 1,000 గ్రాములయితే, లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు. కాబట్టి మన చెరువులోకంటె అక్కడ తేలడం కొంత సులువు. చెయ్యెత్తి కేక వేయండి. అలలు విరిగే చోటు దాటాక ప్రవాహం బలహీనపడుతుంది. చాలాసార్లు సుడి తిరిగి మేటవైపుకే వస్తుంది కూడా. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, నురగ కనిపించే వైపు ఈదండి. అక్కడి అలలే మిమ్మల్ని ఒడ్డుకు నెడతాయి.

ఆకాశం నిర్మలంగా ఉందని ధైర్యపడకూడదు. దక్షిణాన వేల కిలోమీటర్ల దూరంలో గాలులకు పుట్టిన అలలు కొన్ని రోజులకు మన తీరానికి చేరుతుంటాయి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును ముందుగా అంచనా వేసి హెచ్చరికలిస్తుంది. బయలుదేరేముందు అవి చూసుకోండి.

మిత్రుడు కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. ఒకరికోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన సందర్భాలున్నాయి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యానో, గాలి నింపిన ట్యూబో విసరండి. గజ ఈతగాళ్ళను, జాలరులను పిలవండి. నీళ్ళలోకి దిగినంతసేపూ ఒకరు ఒడ్డున కూర్చొని తలలు లెక్కపెడుతుండాలి. ప్రతి జట్టులోనూ ఇసుక విడిచి కదలని మిత్రుడొకడు ఉంటాడు. ఆ పని అతనికి అప్పగించండి, నిద్రపోకూడదని మాత్రం గట్టిగా చెప్పి.