వెంట్రుకంత కళాయి

గ్యాస్ స్టవ్ మీద చల్లటి నీళ్ళ గిన్నె పెట్టి, మొదటి నిమిషం జాగ్రత్తగా చూడండి. గిన్నె అడుగున బయటి వైపు తేమ పడుతుంది. గిన్నె కారుతోందేమో అనిపిస్తుంది కానీ కాదు. ఆ నీళ్ళు మంటలోంచి వచ్చినవి! గ్యాస్‌లోని హైడ్రోజన్ కాలి ఆవిరి అవుతుంది, ఆ ఆవిరి చల్లటి లోహం తగలగానే మళ్ళీ నీరవుతుంది.

లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1 కిలో మీథేన్ కాలితే సుమారు 2.25 కిలోల నీరు ఆవిరిగా పైకి పోతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. దాన్ని కూడా మొత్తం పట్టుకోగలిగితే, అదే ఇంధనం నుంచి దాదాపు 11 శాతం ఎక్కువ వేడి వస్తుంది. అలా పట్టుకునేదే కండెన్సింగ్ హీట్ ఎక్స్ఛేంజర్. నేచురల్ గ్యాస్ పొగ అయితే దాని ట్యూబుల ఉపరితలం సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఇళ్ళలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు చాలావరకు ఇలాంటివే ఉండాలని రూల్ పెట్టారు.

మరి అన్ని ఫ్యాక్టరీల్లోనూ ఎందుకు పెట్టరు? ఎందుకంటే ఆ నీరు మంచినీరు కాదు. పొగలోని కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో కరిగి దాన్ని పుల్లగా చేస్తాయి. పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది. బొగ్గులోనో, ఆయిల్‌లోనో గంధకం ఉంటే ఇంకా కష్టం. పొగ 120-150 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్కలు పడటం మొదలవుతుంది. మామూలు స్టీల్ ట్యూబు దానికి ఎక్కువ కాలం ఆగదు. ట్యూబుకి కన్నం పడితే ప్లాంట్ ఆపాల్సిందే. అందుకే చాలా బాయిలర్లలో పొగని వేడివేడిగానే చిమ్నీలోకి వదిలేస్తారు. అంటే ఆ వేడిని మనం తుప్పుకి భయపడి పారేస్తున్నాం.

ఇలాంటి సమస్య మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే కిలుం దిగుతుంది. మా నానమ్మ కళాయి లేని గిన్నెలో పులుసు కాయనిచ్చేది కాదు. కళాయి వేసేవాళ్ళు ముందు గిన్నెని ఇసకతో గరుకుగా తోమి, కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో పల్చగా రుద్దుతారు. హీట్ ఎక్స్ఛేంజర్ కోటింగ్‌లోనూ వరస ఇదే. ముందు లోహాన్ని శుభ్రం చేసి, గరుకు చేసి (ఇక్కడ ఇసక బదులు గ్రిట్ బ్లాస్టింగ్), తర్వాత పూత వేయాలి. పూత టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్ కావచ్చు, గాజు పెచ్చులు కలిపిన రెజిన్ కావచ్చు, 800 డిగ్రీల దగ్గర కాల్చిన ఎనామిల్ కావచ్చు. కింద మురికి ఉంటే ఎంత ఖరీదైన పూత అయినా ఊడిపోతుంది.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. ప్లాస్టిక్ వేడిని ఆపుతుంది కదా, వేడి లాగాల్సిన ట్యూబుకి ప్లాస్టిక్ తొడగడమేంటి? నేను సీఎస్ఈ కాబట్టి దీన్ని బాటిల్‌నెక్ సమస్యలా చూస్తా. ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే నెమ్మదైన భాగం ఏదో, మొత్తం టైమ్ దాని మీదే ఆధారపడుతుంది. ఇక్కడ నెమ్మదైనది పొగ. పొగ వైపు హీట్ ట్రాన్స్‌ఫర్ కోఎఫిషియెంట్ 50 అనుకుంటే దాని అడ్డంకి 1/50, అంటే 0.02. టెఫ్లాన్ కండక్టివిటీ సుమారు 0.25. 50 మైక్రాన్ల పూత, అంటే దాదాపు వెంట్రుక మందం, కలిపే అడ్డంకి 0.0002. పొగ అడ్డంకిలో 1 శాతమే! అదే 500 మైక్రాన్లు వేస్తే 10 శాతం. ఆవిరి నీరవుతున్న చోట పొగ వైపు వేగం పెరుగుతుంది కాబట్టి పూత వాటా ఇంకా ఎక్కువవుతుంది. అందుకే పల్చగా వేయాలి.

కానీ పల్చగా వేస్తే సూదిమొన కన్నాలు మిగులుతాయి. కోటింగ్ వాళ్ళ భాషలో ఆ కన్నం పేరు 'హాలిడే'. (మనకి లాగా వాళ్ళకి దాన్ని చూస్తే సంతోషం ఉండదు!) ఆసిడ్ ఆ ఒక్క చోట దిగి, పూత కిందుగా పాకుతుంది. దాన్ని పట్టుకోడానికి కరెంటు వాడతారు. పల్చటి పూత మీద తక్కువ వోల్టేజ్ ఉన్న తడి స్పాంజి తిప్పుతారు, కన్నం ఉన్న చోట సర్క్యూట్ పూర్తయి బీప్ అంటుంది. మందమైన పూత మీద హై వోల్టేజ్ బ్రష్ తిప్పితే నిప్పురవ్వ వస్తుంది.

కన్నం ఒక్కటీ లేకపోయినా పని అయిపోలేదు. నీటి ఆవిరి ప్లాస్టిక్‌లోంచి కూడా మెల్లగా దూరుతుంది. బయట వేడి, లోపల చల్లటి లోహం ఉంటే అది ఇంకా ఎక్కువ దూరి, లోహం దగ్గర నీరై, పూతని బొబ్బలా లేపుతుంది. దీన్ని కోల్డ్ వాల్ ఎఫెక్ట్ అంటారు. కండెన్సింగ్ ఎక్స్ఛేంజర్‌లో గోడ చల్లగా ఉండటమే దాని పని, కాబట్టి ఈ బాధ తప్పదు. గాజు పెచ్చులు కలపడం ఇందుకే. పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని, ఆవిరికి దారిని చుట్టు తిప్పుతాయి.

మందం పెంచితే వేడి తగ్గుతుంది, తగ్గిస్తే కన్నాలు పెరుగుతాయి, రెండూ కుదిరినా ఆవిరి దూరుతుంది. కాబట్టి అసలు తెలివి పూత ఎక్కడ వేయాలో తెలుసుకోవడంలో ఉందని నాకనిపించింది. బొగ్గు థర్మల్ స్టేషన్లలో గాలిని వేడి చేసే ప్రీహీటర్‌లో మొత్తానికి ఎనామిల్ వేయరు. ఆసిడ్ పడే చల్లటి చివర ఉన్న రేకులకే వేస్తారు, మిగతాదంతా మామూలు స్టీలే. మన గిన్నెకీ అంతే, పులుసు తగిలే లోపలి వైపే కళాయి, మంట తగిలే అడుగుకి అక్కర్లేదు.