కొల్లేరు: అయిదో కాంటూరు, మూడో కాంటూరు

సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తుదాకా, అంటే అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2008లో మన శాసనసభ ఆ హద్దును మూడో కాంటూరుకు తగ్గించమని తీర్మానించింది. చూడటానికి రెండడుగులే. కాని కొల్లేరు పళ్లెంలాంటి సరస్సు. అంచున రెండడుగులు దిగితే విస్తీర్ణంలో సగానికి పైగా చట్టరక్షణ కోల్పోతుంది.

ఆ పోయే సగం ఎటువంటిదన్నది ముఖ్యం. వానాకాలం మునిగి వేసవికి తేలే అంచునేల అది. ఉల్లంకులు, నత్తగుల్ల కొంగలు ఆ పలచని నీటిలో నడుస్తూ మేస్తాయి. అక్కడ చేపల చెరువు తవ్వితే నిటారు గట్టూ లోతునీరూ మిగులుతాయి. నీరు కనిపిస్తూనే ఉంటుంది, కాలు ఆనదు. పైగా ఆ గట్లు బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటికి అడ్డుపడతాయి. వరదకు ఊళ్లు మునుగుతాయి. ఎండలకు సరస్సు నీరు తగ్గి, ఉప్పుటేరు వెంట సముద్రపు ఉప్పు ఎగబాకుతుంది.

ఆటపాకలో గూడబాతులు గూళ్లు కడుతున్నాయి కదా అంటారు. కడుతున్నాయి, అటవీశాఖ నిలిపిన ఇనుప స్టాండ్ల మీద కూడా. గూడబాతు ఈది చేపను పట్టగలదు. దాన్ని చూపించి ఉల్లంకి క్షేమం చెప్పడం తర్కం కాదు.

తీర్మానం పేదల పేరున వచ్చింది. వారి గోడు అబద్ధమేమీ కాదు. అయిదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్నాయి. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల మీద చెరువుగట్లు తెగ్గొట్టినప్పుడు బతుకుతెరువు పోయినవారున్నారు. అయితే 1976లో సహకార సంఘాలకిచ్చిన చెరువులు లీజుల మీద పెట్టుబడిదారుల చేతికి ఎలా చేరాయో లంక గ్రామాల్లో ఎవరినడిగినా చెబుతారు. వల వేసి, మావు పెట్టి బతికేవాడికి కావలసింది పారే సరస్సు. పట్టాదారుకు రావలసింది నష్టపరిహారం. హద్దు తగ్గితే ఈ ఇద్దరికన్నా లీజుదారుకే లాభం.

వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే అభయారణ్యం హద్దు మార్చరాదు. శాసనసభ తీర్మానం చాలదు. 2010లో కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా తగ్గించవద్దనే చెప్పింది. కాగితం మీద గీత అయిదు దగ్గరే నిలిచింది. కాని రేపో మాపో జరుగుతుందన్న ఆశ గట్టు వేసేవాడికి చాలు. 2006లో తెగిన చెరువుల్లో చాలావాటికి గట్లు మళ్లీ లేచాయి.